కూర్మమ్మా, నీ ఓర్పుకు దండం

కూర్మమ్మా,

మా భాషలో దేవుణ్ణి నిలదీసి, ఆ నిలదీయడంలోనే కీర్తించిన కవులున్నారు. దివిసీమ కవి కాసుల పురుషోత్తముడు శ్రీకాకుళాంధ్ర విష్ణువును అలాగే స్తుతించాడు. ఆ దివిసీమ ఇసుకలో నువ్వూ ఏటేటా గుడ్లు పెడుతున్నావు. నేను నిన్ను పొగడడానికే కూర్చున్నాను. ప్రతి మాటా మనసారా అంటున్నదే. ఈ పొగడ్తలో ఎక్కడైనా నింద వినబడితే అది నీకు చెందదు. మాకు చెందుతుంది.

ఒక మాఘమాసపు రాత్రి శ్రీకాకుళం జిల్లా తీరంలో, గుడ్లకు కాపలా కాసే పెద్దాయన వెంట నడుస్తూ నిన్ను మొదటిసారి దగ్గర నుంచి చూశాను. ఆయన టార్చి వెయ్యలేదు, నన్నూ వెయ్యనివ్వలేదు. ‘‘ఎలుగు చూస్తే ఎనక్కి ఎల్లిపోద్ది బాబూ, కూకో’’ అన్నాడు. ఇసుకలో కూలబడ్డాం. అలల గీత దాటి నువ్వు పైకి వస్తున్నావు. దాదాపు నలభై కిలోల ఒళ్లు, ఈదడానికి తప్ప నడవడానికి పనికిరాని కాళ్లు. నాలుగు బారలు పాకి ఆగావు. ఊపిరి పీల్చుకున్న చప్పుడు మాకు వినిపించింది. మళ్లీ పాకావు.

చోటు కుదిరాక వెనక కాళ్లతో గొయ్యి తవ్వావు. ఒక కాలు ఇసుకను దోసిలిలా పట్టి పైకి తెచ్చి పక్కన పోస్తే, రెండో కాలు లోపలికి దిగేది. మూరెడు లోతు, కూజా ఆకారం. మెడ సన్నం, అడుగు వెడల్పు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా ఇంత పొందికగా తవ్విన గొయ్యిని నేను మరెక్కడా చూడలేదు. అందులో పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు, వందకు పైనే. తర్వాత ఇసుక కప్పి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ దిమ్మిస కొట్టినట్టు నేలను గట్టిపరిచావు. నీ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి పక్క గ్రంథులు అలా బయటికి పంపుతాయని చదివాను. పెద్దాయన మాత్రం ‘‘తల్లి గదా’’ అన్నాడు. ఆ మాటకు నా దగ్గర ఎదురుమాట లేకపోయింది.

గంటలో పని ముగించుకుని సముద్రంలోకి వెళ్లిపోయావు. ఒడ్డున నీవి మిగిలినవి గుడ్లూ, వచ్చిన జాడా, వెళ్లిన జాడా. తెల్లవారేసరికి జాడను గాలి సగం చెరిపేసింది.

నీ మితానికి దండం తల్లీ. పది కోట్ల ఏళ్లకు పైగా నీ వంశం ఈ భూమ్మీద ఇలాగే వచ్చి పోతోంది. మేము ఒక ఆదివారం సాయంత్రం అదే ఒడ్డుకు వస్తాం. మూడు గంటలు కూర్చుంటాం. లేచి వెళ్లాక అక్కడ నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలు, బిర్యానీ తెచ్చుకున్న కవర్లు, టీ కప్పులు. వాటిని ఏ గాలీ చెరపలేదు. ఆటుపోట్లకు నీళ్లలో కలుస్తాయి. తేలుతున్న తెల్ల కవరు నీ కంటికి జెల్లీచేపలా కనబడుతుంది. నువ్వు దాన్ని నమ్మి మింగుతావు. సముద్రంలో నీకు తెలిసినంత కాలం, అలా తేలే మెత్తనిదంతా తిండే. మోసం అక్కడ కొత్తగా వచ్చింది. తెచ్చింది మేము.

నీ ఉపకారానికి దండం. జెల్లీచేపలు చేపల గుడ్లనూ, పిల్లలనూ తినేస్తాయి. వాటిని నువ్వు తింటావు కాబట్టి సముద్రంలో చేపకు ఎదిగే వీలు దొరుకుతుంది. మా పళ్లెంలోకి వచ్చే ముద్దలో నీ కష్టం ఉంది. ఈ సంగతి మత్స్యకారులకు తెలుసు. వలలో పడితే దేవుడని దణ్ణం పెట్టుకుని నిన్ను వదిలేసేవాళ్లు తీరమంతటా ఉన్నారు. కానీ మరపడవ వెనక లాగే ట్రాల్ వల సంగతి వేరు. రెండు మూడు గంటలు ఆగకుండా నీళ్లలోనే సాగుతుంది. నీకు ఊపిరితిత్తులున్నాయి, గాలి కోసం పైకి రావాలి. ఆ వలలో పడ్డాక పైకి రాలేవు. కొట్టుకునేకొద్దీ ఊపిరి త్వరగా అయిపోతుంది. పైకి తేలేది నీ శవమే.

ఆ రాత్రి నిన్ను చూసి తిరిగొస్తుంటే, తెల్లవారుజామున అలల అంచున మరో తల్లి కనిపించింది. మెడ వాచి ఉంది. కళ్లు ఉబికి ఉన్నాయి. డిప్ప మీద ఒక్క గీత కూడా లేదు. పెద్దాయన ఒంగుని కడుపు మీద చెయ్యి పెట్టి, ‘‘గుడ్లతోటే పోనాది’’ అన్నాడు. నూట చిల్లర పిల్లలు పుట్టకుండానే ఆ ఇసుక మీద ఆగిపోయారు. ఆయన గమ్మున పార తెచ్చి గొయ్యి తవ్వాడు. అదే తీరంలో నువ్వు తవ్విన గొయ్యికి వంద గజాల దూరం కూడా లేదు.

ఇక మా తెలివి గురించి చెప్పాలి. మాకు తెలివి ఉంది. ఎకసెక్కానికి అనడం లేదు, నిజంగానే అంటున్నాను. వన్యప్రాణి రక్షణకు 1972లోనే చట్టం చేసుకున్నాం. అందులో నీకు పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో చోటిచ్చాం. నీకు హాని చేస్తే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలని రాశాం. ఆంధ్ర తీరంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరపడవలు వేటాడకూడదని నియమం పెట్టాం. వలలోంచి నిన్ను బయటికి పంపే పరికరం కూడా మాకు తెలుసు. వల గొంతులో చువ్వల చట్రం ఒకటి ఏటవాలుగా బిగిస్తారు. రొయ్యలూ, చిన్న చేపలూ చువ్వల సందుల్లోంచి వెనక్కి పోతాయి. నువ్వు చువ్వలకు తగిలి, జారి, పక్కనున్న కంతలోంచి బయటపడతావు. అమెరికాలోని జార్జియా తీరంలో సింకీ బూన్ అనే రొయ్యల వేటగాడు జెల్లీచేపల బెడద తప్పించుకోవడానికి తన వలకు బిగించుకున్న చట్రంలోంచే ఈ ఆలోచన ఎదిగింది. అక్కడ 1987లో దీన్ని తప్పనిసరి చేశారు. మన వలలకు నప్పేలా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీన్ని తయారుచేసింది. దీన్ని ‘టెడ్’ అంటారు. దీనివల్ల రొయ్యలు పోయేది చాలా స్వల్పం.

ఇంత తెలిసీ మేము చేసింది విను. ఈ చట్రం లేని వలల్లో పట్టిన రొయ్యలు కొనేది లేదని అమెరికా అంటే, 1996లో భారతదేశం మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్‌లతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ మెట్లెక్కింది. మా వాదనలో న్యాయమున్న భాగం ఉంది. ఒక దేశం తన చట్టాన్ని ఇంకో దేశం నెత్తిన రుద్దడం సరికాదన్నాం. అయితే ఆ వ్యాజ్యానికి పెట్టిన పట్టుదలలో కొంతైనా చట్రాలు బిగించడానికి పెట్టలేదు. 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలను కొనడం ఆపేసింది. చెరువు రొయ్యలకు ఆ అడ్డు లేదు, సముద్రంలో పట్టినవాటికి ఉంది. బజారు పోయాక చట్రం గుర్తొచ్చింది. నీ ప్రాణం పోతున్నప్పుడు గుర్తు రాలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం ఉంది. అది చేపలు గుడ్లు పెట్టే రోజుల కోసం. నువ్వు గుడ్లకు ఒడ్డు చేరేది జనవరి నుంచి. నిషేధం మొదలయ్యేసరికి నీ కాన్పుల కాలం దాదాపు అయిపోతుంది. అయినా మళ్లీ ఏటికి అదే దారిన వస్తావు. నీ నమ్మకాన్ని ఏమని పొగడాలి?

నీ గుడ్లలో ఇంకో విచిత్రముంది. పిల్ల ఆడో మగో తల్లిదండ్రుల వల్ల తేలదు, ఇసుక వేడి తేలుస్తుంది. 29, 30 డిగ్రీల దగ్గర ఉంటే ఆడా మగా రెండూ పుడతాయి. చల్లబడితే మగవి, వేడెక్కితే ఆడవి ఎక్కువ. మరీ కాగితే గుడ్డులోనే మాడిపోతాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర తీరాల్లో పుట్టిన పచ్చ తాబేళ్ల పిల్లల్లో 99 శాతానికి పైగా ఆడవేనని 2018లో శాస్త్రవేత్తలు తేల్చారు. అవి నీకు దాయాదులు. అక్కడి ఇసుకకు వచ్చిన కష్టం మన ఇసుకకు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మన తీరంలో కాపలాదార్లు గుడ్లను కంచెల్లోకి మార్చి, పైన నీడ కడుతున్నారు. ఒక్కో గుంత మీద చీటీ, దాని మీద తేదీ, గుడ్ల లెక్క. రోజులు లెక్కబెట్టుకుంటూ కూర్చుంటారు. పురిటింటి ముందు కూర్చున్న పెద్దల్లాగే ఉంటారు.

ఇసుకను వేడెక్కించింది ఆ కాపలాదారు కాదు. ఆయన ఇంట్లో ఒక్క ఫ్యాను తిరుగుతుంది. మేము పట్నాల్లో గదిని 18 డిగ్రీలకు దించి దుప్పటి కప్పుకుని పడుకుంటాం. గదిలోంచి తీసిన వేడిని యంత్రం వీధిలోకి వదులుతుంది. అది తాగే కరెంటులో ఎక్కువ పాలు బొగ్గు కాల్చి తీసిందే. 2020 జనవరి 1 నుంచి కొత్త ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నియమం వచ్చింది. ఒక్క డిగ్రీ పెంచుకుంటే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. ఆ మీట మా చేతిలోనే ఉంది. మీట నొక్కి ఆ 24ను మళ్లీ 18కి దించుకుంటున్నది మేమే. నీ పిల్లలకు ఒకటి రెండు డిగ్రీలు మగపిల్ల పుట్టడానికీ పుట్టకపోవడానికీ మధ్యనున్న తేడా.

నీ తీరం కూడా తగ్గిపోతోంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్లూ, రోడ్డూ సముద్రంలో కలుస్తుండగా చూస్తున్నాం. రాళ్లు పోసి గట్టు కడుతున్నాం. ఇల్లు పోతున్నవాడికి ఆ గట్టు కావాలి, తప్పుపట్టను. కానీ రాళ్ల మీద గొయ్యి తవ్వలేవు. నువ్వు ఫిర్యాదు చెయ్యవు. ఇంకాస్త దూరం ఈది, ఇంకో ఇసుక వెతుక్కుంటావు.

నీతో పాటు మనుషుల్లోనూ కొందరిని పొగిడి తీరాలి. మన సరిహద్దు దాటగానే ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట, 2025 ఫిబ్రవరిలో మీరు సుమారు 7 లక్షల మంది ఒడ్డెక్కి గుడ్లు పెట్టారు. ఆ తీరం పల్లెల్లో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలున్నాయి. వాటిలో పొడంపేట సముద్రపు కోతకు తన ఇళ్లనే పోగొట్టుకుంది. అక్కడి పల్లెల కుర్రాళ్లు కుక్కలనూ, నక్కలనూ తోలుతూ, దారి తప్పిన నీ పిల్లలను బుట్టల్లో ఏరి నీళ్ల దగ్గర వదులుతూ రాత్రుళ్లు గడుపుతారు. ఇల్లు పోయినవాళ్లు నీ ఇల్లు కాస్తున్నారు. అన్నీ ఉన్న మేము దీపం కూడా ఆర్పడం లేదు.

ఆ దీపం మాటతోనే ముగిస్తాను. నలభై అయిదు నుంచి అరవై రోజులకు నీ పిల్లలు ఇసుకలోంచి రాత్రి పూట పైకి వస్తాయి. బొటనవేలంత ఒళ్లు. వాటికి తెలిసిన దారి ఒక్కటే: వెలుగున్న వైపు నడవడం. చుక్కల వెలుగులో సముద్రం మెరుస్తుంది కాబట్టి కోట్ల ఏళ్లుగా ఆ దారి తప్పలేదు. ఇప్పుడు ఒడ్డున రిసార్టు దీపాలు, రోడ్డు దీపాలు సముద్రం కన్నా ఎక్కువ మెరుస్తాయి. పిల్లలు వాటివైపు నడుస్తాయి. తెల్లవారేసరికి రోడ్డు మీద ఎండి పడి ఉంటాయి. వాటి తెలివిలో లోపం లేదు.

పాఠకులారా, కూర్మమ్మకు చెప్పుకోవలసింది చెప్పాను. ఇక మనం చెయ్యవలసింది మిగిలింది. జనవరి నుంచి మే దాకా తీరం వైపు తిరిగిన దీపాలు ఆర్పించండి, లేదా కిందికి తిప్పించండి. ఒడ్డుకు తెచ్చుకున్న కవరు ఇంటికి పట్టుకెళ్లండి. ఏసీ 24 దగ్గరే ఉంచండి. ప్రతి మరపడవ వలకూ టెడ్ బిగించడానికి అయ్యే ఖర్చు ప్రభుత్వం భరించాలని మీ ఎమ్మెల్యేను అడగండి. ఆ ఖర్చు మత్స్యకారుడి నెత్తిన వెయ్యకండి.

ఈ ఏడు సముద్రంలోకి దిగిన ఆడపిల్ల పది, పదిహేనేళ్లకు గానీ తల్లి కాదు. బతికి ఉంటే, ఎక్కడెక్కడో తిరిగి, మళ్లీ ఈ తీరానికే గుడ్లు పెట్టడానికి వస్తుంది.