సిస్టమ్‌లో అలా చూపిస్తోందండీ

పూర్వం ఆఫీసుల్లో పని కాకపోతే చెప్పడానికి రకరకాల సాకులుండేవి. సారు క్యాంపులో ఉన్నారు, ఫైలు పైకెళ్లింది, భోజనాల వేళయింది. ఇప్పుడా వైవిధ్యం పోయింది. అన్నింటికీ ఒకటే జవాబు: ‘సిస్టమ్‌లో అలా చూపిస్తోందండీ.’ మనిషిని నిలదీస్తే కనీసం కసురుకుంటాడు. సిస్టమ్ కసురుకోదు, సెలవు పెట్టదు, ఏసీబీకి చిక్కదు. ఇంతకంటే ఆదర్శ ఉద్యోగి ఎక్కడ దొరుకుతాడు?

ఆ ఉద్యోగికి ఈమధ్య కృత్రిమ మేధగా ప్రమోషన్ వచ్చింది. దానితో బాధ్యతగా మెలగడం ఎలాగో చర్చించడానికి స్టార్ హోటళ్లలో సదస్సులు పెడుతున్నారు. యంత్రానికి పక్షపాతం ఉండకూడదట, విలువలుండాలట. ఉండాల్సిందే. అవన్నీ అది నేర్చేసుకుంటే మనకు ఆ శ్రమ తప్పుతుంది కదా!

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అని ఒకటుంది. వాహనాలు, ఆస్తులు, పన్నులు వగైరా ప్రభుత్వ జాబితాలన్నీ ముందేసుకుని, ఇందులో ఉన్న ఫలానా, అందులో ఉన్న ఫలానా ఒక్కరేనా అని తేలుస్తుంది. అనర్హుల్ని ఏరేయడానికి వాడారు. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి పేరు, కారున్న ఇంకొకాయన పేరుకు దగ్గరగా ఉంది. అంతే, రిక్షా తొక్కేవాడు రాత్రికి రాత్రి కారు యజమాని అయిపోయాడు. కారైతే రాలేదు గానీ రేషన్ కార్డు మాత్రం పోయింది. ఎవరో ఒకరు కుర్చీలోంచి లేచి, ఆ వీధికెళ్లి, గుమ్మం ముందు ఏముందో చూసొస్తే తేలిపోయేది. దానికి ఏ మేధా అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

2014 నుంచి 2019 దాకా ఆ రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. చివరికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుని, 2016 నుంచి తీసేసిన కార్డులన్నీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించండని చెప్పాల్సి వచ్చింది. అంటే, వెళ్లి చూసి రండి అని! దాదాపు 4.9 లక్షల దరఖాస్తులొస్తే, ఆ జులై నాటికి రెండు లక్షల పైచిలుకు చూశారు. వాటిలో 15,471 కుటుంబాలు అర్హమైనవేనని తేలింది. ఇది ఏడున్నర శాతమే కాబట్టి, పవర్‌పాయింట్‌లో ‘స్వల్ప లోపం’ అని రాసుకోవచ్చు. కిలో రూపాయి బియ్యం అందక మార్కెట్ ధరకు కొనుక్కున్న ఇంట్లో మాత్రం లోపం నూటికి నూరు శాతం.

తప్పును యంత్రం మీదకు నెట్టే విద్య మనకొక్కరికే వచ్చనుకోకండి. కెనడాలో ఒకాయన బామ్మ పోయిందని విమానం టికెట్ కొన్నాడు. ఇలాంటి ప్రయాణాలకిచ్చే రాయితీని తర్వాత అడిగి తీసుకోవచ్చని ఎయిర్ కెనడా చాట్‌బాట్ చెప్పింది. తీరా అడిగితే కంపెనీ కుదరదంది. వివాదం ట్రిబ్యునల్‌కెక్కితే, చాట్‌బాట్ మాటలకు మేం బాధ్యులం కామన్న ధోరణిలో వాదించింది. జీతం లేదు, పీఎఫ్ లేదు, బాధ్యత మాత్రం చాట్‌బాట్‌దేనట! 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి కంపెనీ చేతే డబ్బు కట్టించింది. అంతకు ముందు ఏడాది న్యూయార్క్‌లో ఒక లాయరు ఎక్కడా లేని తీర్పులను కోర్టు ముందు పెట్టాడు. ఇవి నిజమైనవేనా అని చాట్‌జీపీటీనే అడిగి నిర్ధారించుకున్నాడు కూడా. పాపం, జాగ్రత్తపరుడే! అయిదు వేల డాలర్ల జరిమానా పడింది లాయర్ల మీద, చాట్‌జీపీటీ మీద కాదు.

కాబట్టి, రేపు మీ పింఛనో కార్డో ఎగిరిపోయి, కౌంటర్‌లో ‘సిస్టమ్’ పేరు వినిపిస్తే తిరిగి రాకండి. కారణం కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి. ప్రభుత్వ కార్యాలయం తన నిర్ణయానికి కారణాలను ఆ నిర్ణయం తగిలినవారికి చెప్పి తీరాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ 2005 నుంచీ చెబుతోంది. ఆ చట్టం కింద దరఖాస్తు పెట్టడానికి తెలుగు రాష్ట్రాల్లో రుసుము మహా అయితే పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. అయితే అందుకు రుజువుగా రేషన్ కార్డు చూపించమంటారు.