సాక్సు రంగు చూసే కళ్లు

తార్నాక చౌరస్తా నుంచి అటు లాలాగూడ దాకా, ఇటు హబ్సిగూడ దాకా ఉన్న ప్రైవేటు స్కూళ్ల వాళ్ల చూపుకు దండం పెట్టాలి. తెల్లబూట్ల రోజున నల్లబూట్లతో వచ్చిన పిల్లాడు గేటు దాటకముందే దొరికిపోతాడు. గోళ్లు పెరిగినా, తలకు నూనె లేకపోయినా, సాక్సు మీద ఉండాల్సిన నీలిగీత కాస్త వెలిసినా డైరీలో ఎర్రసిరా పడుతుంది. బడికి రాని పిల్లాడి సంగతి ప్రార్థన ముగిసేసరికి తండ్రి ఫోనులో మోగుతుంది. ఇక టర్మ్ ఫీజు బాకీ ఉందా, పండగ పూట కూడా మెసేజ్ తప్పదు.

అదే పిల్లాడి మోచేతి మీద బెల్టు వాత తేలిందనుకోండి. స్కూలు స్కూలంతటికీ ఒక్కసారిగా శుక్లాలు వచ్చేస్తాయి. ఆటల పీరియడ్‌లో పడ్డాడేమో అంటారు పీఈటీ సారు. ఇంట్లో ఏదో ఉంటది, మనకెందుకులే అంటారు స్టాఫ్‌రూమ్‌లో. వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం. బెల్టు వాత కంటికి ఆనకపోవడానికి ఒక కారణం, దాని పక్కనే క్లాసులో పడిన స్కేలు వాత ఉండటం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించి పదిహేనేళ్లు దాటింది. స్కేలుకు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

లైంగిక వేధింపు దగ్గరికి వస్తే ఈ మాంద్యం నేరమే అవుతుంది. పోక్సో చట్టం 2012 నవంబరు 14న, సరిగ్గా బాలల దినోత్సవం నాడు అమల్లోకి వచ్చింది. ఆ రోజు మన స్కూళ్లలో పిల్లలకు గులాబీపువ్వు గుచ్చి చాచా నెహ్రూ వేషం వేయిస్తారు కాబట్టి చట్టం చదవడానికి తీరిక దొరికి ఉండదు. 19వ సెక్షన్ చెప్పేది చిన్న సంగతి: పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లూ, జరగబోతోందని అనుమానం ఉన్నవాళ్లూ ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. ‘ఎవరైనా’ అంటే ఎవరైనా. టీచరు, ఆయా, వాచ్‌మన్, వ్యాన్ క్లీనర్, అకౌంట్స్ మేడమ్ అందరూ. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ అధిపతే కప్పెడితే ఏడాది దాకా, జరిమానా అదనం. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదని కూడా అదే సెక్షన్‌లో ఉంది.

కరస్పాండెంట్ గారి గదిలో నడిచే చట్టం వేరు. అక్కడి సంభాషణ ఊహించడానికి పెద్ద ప్రతిభేమీ అక్కర్లేదు.

“సార్, ఆ ఎల్‌కేజీ పాప వ్యాన్ ఎక్కనని రోజూ ఏడుస్తున్నది. డ్రైవరంకుల్ వద్దంటున్నది.”

“చిన్నపిల్ల మేడమ్, ఏదో ఒకటి అంటది. మీరు కళ్లారా చూసిన్రా?”

“లేదు సార్.”

“మరింకేంది? అసలే అడ్మిషన్ల టైము. పేరెంట్స్‌తోని నేను మాట్లాడుత. మీరు పోర్షన్ ఎంతవరకొచ్చిందో చూసుకోండ్రి.”

కళ్లారా చూడాలట! ఫీజు బాకీ పడ్డ తండ్రిని ‘మీ దగ్గర డబ్బు లేదని మేం కళ్లారా చూశాక అడుగుతాం’ అని ఏ స్కూలైనా ఊరుకుందా? చట్టం టీచరును రుజువు అడగలేదు. రుజువు వెతకడం పోలీసుల పని, తేల్చడం కోర్టు పని. టీచరుకు అప్పజెప్పింది ఒక్క ఫోన్ కాల్. మనవాళ్లు ఆ ఒక్కటీ వదిలేసి మిగతా రెండూ నెత్తినేసుకుంటారు. ‘అంతర్గత విచారణ కమిటీ’ వేస్తారు. నాలుగేళ్ల పిల్లను కమిటీ ముందు కూర్చోబెట్టి ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు అని ఆరుగురు పెద్దలు అడుగుతారు. ఆ తర్వాత పాప జవాబులు పొంతన లేకుండా ఉన్నాయని మినిట్స్ పుస్తకంలో రాసుకుంటారు.

పోనీ, చదువుకున్నవాళ్లు లేని పేటా అంటే, తార్నాక పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. టీచర్లను తయారుచేసే కాలేజీ క్యాంపస్‌లోనే ఉంది, లాయర్లను తయారుచేసే కాలేజీ క్యాంపస్‌లోనే ఉంది, ఓయూ పేరుతో ఏకంగా ఒక పోలీస్ స్టేషనే ఉంది. చట్టం చదివినవాళ్లు, దాన్ని పాటించాల్సినవాళ్లు, అమలుచేయాల్సినవాళ్లు ఆటో మీటరు తిరగనంత దూరంలో ఉన్నారు. వీళ్లు కలిసేది సెమినార్లో. ‘బాలల హక్కులు: సవాళ్లు, పరిష్కారాలు’ అని ఫ్లెక్సీ కడతారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు. ముఖ్య అతిథి సొంత బాల్యాన్ని తలుచుకునేసరికి భోజనాల వేళవుతుంది. సర్టిఫికెట్ మాత్రం రానివాళ్లకు కూడా వస్తుంది.

2022 అక్టోబరులో బంజారాహిల్స్ డీఏవీ స్కూల్లో నాలుగేళ్ల ఎల్‌కేజీ పాప మీద ప్రిన్సిపాల్ కారు డ్రైవర్ అఘాయిత్యం బయటపడింది. బయటపెట్టింది బడి కాదు, తల్లిదండ్రులు. పోలీసులు డ్రైవర్‌తో పాటు ప్రిన్సిపాల్‌నూ అరెస్టు చేశారు. ప్రభుత్వం ఆగ్రహించి స్కూలు గుర్తింపు రద్దుచేసింది. పిల్లల చదువేం కావాలని తల్లిదండ్రులు అడిగితే ఆ విద్యాసంవత్సరానికి మళ్లీ తెరవనిచ్చింది. 2023 ఏప్రిల్లో కోర్టు డ్రైవర్‌కు 20 ఏళ్ల శిక్ష వేసింది, ప్రిన్సిపాల్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది. కోర్టు తీర్పు మీద నాకు పేచీ లేదు. నా పేచీ సంగతి బయటపడ్డాక నడిచిన రెండు వారాల హడావిడితో. నగరంలోని ప్రతి స్కూలూ సీసీ కెమెరాలు కొని, ఆ సంగతి బ్రోషర్లో వేసుకుంది. కెమెరా చూసినదాన్ని ఎవరికి చెప్పాలో బ్రోషర్లో లేదు.

ఆ సంగతి 2022 నవంబరు 2నే సుప్రీంకోర్టు చెప్పింది. మన ఆసిఫాబాద్ జిల్లాకు ఆనుకునే ఉన్న చంద్రపూర్ జిల్లా రాజురాలో, ఒక స్కూలు హాస్టల్లో గిరిజన బాలికల మీద జరిగిన అత్యాచారాల కేసు అది. ఆ పిల్లలకు వైద్యం చేసిన డాక్టరుకు సంగతి తెలిసీ పోలీసులకు చెప్పలేదన్నది ఆరోపణ. బొంబాయి హైకోర్టు ఆయన మీద కేసు కొట్టేస్తే సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరం, చాలాసార్లు అది నేరస్థుణ్ని కాపాడే ప్రయత్నమే అంది.

‘నేను ప్రిన్సిపాల్ గారికి చెప్పేశాను కదా’ అనేది మన టీచర్ల తుది శరణు. కింది టీచరు హెడ్‌కు, హెడ్ ప్రిన్సిపాల్‌కు, ప్రిన్సిపాల్ కరస్పాండెంట్‌కు, ఆయన తన తోడల్లుడికి చెబుతారు. మాట పైకి పోతూనే ఉంటుంది, బయటికి మాత్రం పోదు. ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో 2001లో మాజీ ఫుట్‌బాల్ కోచ్ జెర్రీ శాండస్కీ ఒక పిల్లవాడితో స్నానాల గదిలో ఉండగా ఒక సహాయకుడు చూశాడు. పెద్ద కోచ్‌కు చెప్పాడు. ఆయన క్రీడల డైరెక్టర్‌కు చెప్పాడు. సంగతి యూనివర్సిటీ ప్రెసిడెంట్ దాకా చేరింది. అంత పెద్ద క్యాంపస్‌లో పోలీసులకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. పదేళ్ల తర్వాత శాండస్కీ అరెస్టయ్యాడు, 45 అభియోగాల్లో దోషిగా తేలాడు. పిల్లల్ని ప్రమాదంలో పడేసినందుకు 2017లో ఆ ప్రెసిడెంట్‌ గ్రాహం స్పానియర్‌నీ కోర్టు దోషిగా తేల్చింది. పై అధికారికి చెబితే చాలన్న నిబంధనను పెన్సిల్వేనియా ఆ దెబ్బతోనే మార్చుకుంది. మన చట్టంలో మొదటి నుంచీ పోలీసులకే చెప్పమని ఉంది. అయినా మనం పెన్ స్టేట్ పద్ధతినే పాటిస్తున్నాం.

ఇంట్లో కొట్టడం, మాడ్చడం సంగతికొస్తే చట్టమే కాస్త మెత్తబడుతుంది. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద అవి నేరాలే, కానీ చూసిన టీచరు చెప్పి తీరాలన్న షరతు పోక్సోలో ఉన్నంత గట్టిగా లేదు. మాడ్చడం సంగతే తీసుకోండి. జాతీయ పోషకాహార సంస్థ ఈ తార్నాకలోనే ఉంది. దేశమంతటా పిల్లలు ఏం తింటున్నారో లెక్కగట్టే సంస్థ గోడ పక్కన, వారం రోజులుగా టిఫిన్ బాక్స్ తేని పిల్లను ‘బాక్స్ మరిచిపోవడం క్రమశిక్షణా రాహిత్యం’ అని డైరీలో రాసి పంపే స్కూలు ఉండొచ్చు. అలా రాసే బదులు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే పైసా ఖర్చు కాదు.

కొత్తగా చేరిన టీచరు భయం నాకు అర్థమవుతుంది. కరస్పాండెంట్ వేలికొనన వేలాడే ఉద్యోగం, స్టేషన్ మెట్లెక్కడానికి ఇంట్లో ఒప్పుకోరు, కోర్టు చుట్టూ తిరగాలేమోనన్న బెంగ. అర్థం కానిది యాజమాన్యాల భయం. ‘పాప భవిష్యత్తు పాడవుతుంది, అందుకే బయటికి రానీయలేదు’ అంటారు. పాప పేరు బయటపెట్టడాన్ని చట్టం ఎటూ నిషేధించింది. పేరు బయటికొచ్చేది స్కూలుదే.

కాబట్టి వాళ్లు కనిపెట్టిన పరిష్కారం టీసీ. డ్రైవర్ను ‘సొంతూరు వెళ్లిపోయాడు’ అనిపిస్తారు. అతను ఇంకో స్కూలు వ్యాన్ ఎక్కుతాడు. పాప తండ్రిని పిలిచి, మీకే మంచిదని నచ్చజెప్పి, సంవత్సరం మధ్యలో టీసీ చేతిలో పెడతారు. అందులో పాప ప్రవర్తన ‘సంతృప్తికరం’ అని రాసి, గుండ్రటి స్టాంపు వేసి, ఫీజు బాకీ ఏమీ లేదని ధ్రువీకరిస్తారు. టీసీ ఖర్చుకు రసీదు కూడా ఇస్తారు.