సెల్లారు ఏలికకు ఒక బహిరంగ లేఖ

మదనపల్లెలోని మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అధ్యక్షులవారికి,

అయ్యా,

మూడో అంతస్తువాడు నమస్కరించి రాసుకునేది. లిఫ్టు తలుపు మీద మీరు అంటించిన నోటీసు చదివినాను. ‘బ్యాటరీ కార్లు పేలును. కావున సెల్లారులో నిలుపరాదు.’ కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. పేలవచ్చు అని కాదు, పేలును! పంచాంగంలో వానలు రాసేవాళ్లకు కూడా ఇంత ధీమా ఉండదు.

ఆజ్ఞ శిరసావహించి అదే రాత్రి కారు బయటికి తీసినాను. తీసేటప్పుడు దాని ఇరుగుపొరుగును ఒకసారి చూసినాను. జనరేటరు కోసం దాచిన మూడు డీజిల్ క్యాన్లు. మీ ఇంటి పెళ్లినాటి షామియానా గుడ్డలు. తొమ్మిది పెట్రోలు కార్లు. మెట్ల కింద చెప్పుల స్టాండుకు ఆనించి, ఎక్స్‌టెన్షన్ వైరు మీద తెల్లవార్లూ ఛార్జింగయ్యే మీ అబ్బాయి స్కూటరు. ఇన్నింటి నడుమ నా కారొక్కటే మీ కంటికి బాంబయింది.

మీ భయం ఊరికే పుట్టలేదని ఒప్పుకుంటాను. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో స్కూటరు బ్యాటరీ ఇంట్లోనే పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన పోయినాడు. ఆ వారంలోనే విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ ఆ ఇంటాయనను మింగింది. సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో హోటలు కింది ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము సెల్లారులో నిప్పు లేచి, ఆ పొగ పైగదులకెక్కి ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. ఆ సెల్లారును తలచుకుంటే మీ నోటీసు కింద నేనూ సగం సంతకం పెడతాను.

మిగతా సగం ఎందుకు పెట్టనంటే, అవి మూడూ స్కూటర్ల బ్యాటరీలు. ఊడదీసి మంచం పక్కన పెట్టుకునే రకం, అప్పటి సడలిన పరీక్షల్లో గట్టెక్కిన రకం. ఆ చావుల తర్వాతే, 2022 డిసెంబరు నుంచి, ప్రభుత్వం ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనలను బిగించింది. కారు బ్యాటరీ నేలపలక కింద బిగించిన లోహపు పెట్టె. లోపలి సెల్లులు ఎంత వేడెక్కుతున్నాయో కనిపెట్టుకునేందుకే దానికొక కంప్యూటరుంటుంది. అయినా బ్యాటరీ గుణం బ్యాటరీదే: ఒక సెల్లు హద్దుమీరి కాగిందంటే పక్కదాన్ని కాలుస్తుంది, అది ఇంకోదాన్ని, టపాకాయల సరం మాదిరి. ఆర్పినామనుకున్న మంట మళ్లీ లేస్తుంది, గంటల తరబడి నీళ్లు కొట్టాలి. పెట్రోలుకు అంత సావకాశం లేదు. దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

స్వీడన్‌లో ఎవరో ఓపిగ్గా లెక్క తీసినారు. 2022లో అక్కడ సుమారు 6.11 లక్షల విద్యుత్, హైబ్రిడ్ కార్లలో కాలినవి 23. పెట్రోలు, డీజిల్ కార్లు 44 లక్షలుంటే కాలినవి సుమారు 3,400. అక్కడ విద్యుత్ కార్లు కొత్తవి, పెట్రోలువి పాతవి అని మీరంటారు. నిజమే, కొంత తగ్గించుకోండి. ఎంత తగ్గించుకున్నా ‘పేలును’ దాకా రాదు.

మీకు గుర్తుందా, 2022 మార్చి 26? వేలూరులో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు కాలి, పొగకు తండ్రీకూతుళ్లు పోయిన వార్త ఆ పొద్దే వచ్చింది. పుణేలో రోడ్డు పక్కన స్కూటరు తగలబడిన వీడియో మన వాట్సాప్ గ్రూపులో మీరే మూడుసార్లు పెట్టినారు. ఆ రాత్రే మన భాకరాపేట ఘాట్‌లో, తిరుపతికి నిశ్చితార్థానికి పోతున్న ధర్మవరంవాళ్ల బస్సు లోయలో పడింది. అందులో పోయినవాళ్లు ఆ రెండు స్కూటర్ల లెక్కకు కొన్ని రెట్లు. దాని వీడియో మీరు పెట్టలేదు. లోయలో పడిన బస్సు వింతగాదు కదా. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బైకును ఈడ్చుకుపోయిన బస్సు అంటుకొని 19 మంది ప్రయాణికులు కాలిపోయినారు. ఆ మంట పెట్రోలు బైకుతో మొదలైంది. లగేజీలోని వందల సెల్‌ఫోన్లు దానికి తోడైనాయని కూడా వార్తలొచ్చినాయి. పెట్రోలుకూ బ్యాటరీకీ ఇద్దరికీ వాటా ఉందన్నమాట.

మన ఊరి అగ్గి సంగతికొస్తే, 2024 జూలై 21 రాత్రి సబ్‌కలెక్టరు ఆఫీసులో ఫైళ్లు కాలినాయి. అక్కడ ఛార్జింగ్ పెట్టిన కారుందని ఇంతవరకు ఎవరూ అనలేదు. కాగితం అంత తేలిగ్గా కాలుతుందని తెలిసి కూడా అసోసియేషన్ లెక్కల పుస్తకాలను తమరు డీజిల్ క్యాన్ల పక్క బీరువాలోనే ఉంచినారు. ఎందుకో అడగను.

పుంగనూరులో 4,640 కోట్లతో ఎలక్ట్రిక్ బస్సులు, లారీలు తయారు చేస్తామని పెప్పర్ మోషన్ అనే జర్మనీ కంపెనీ 2023లో ముందుకొచ్చినప్పుడు, ఆ పక్కన ప్లాటు కొన్నది తమరే. బ్యాటరీ పుంగనూరుకొస్తే సెంటు ధర పెరుగుతుంది, సెల్లారుకొస్తే ప్రాణం పోతుంది.

నేను నెలకు రెండుసార్లు పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయి వస్తాను. కుప్పం దగ్గరి నడిమూరులో 2025 జనవరిలో ముఖ్యమంత్రి సోలార్ పథకం మొదలుపెట్టినాక మా మామ కూడా మిద్దె మీద పలకలు పెట్టించినాడు. పగలు ఆ ఎండే నా కారుకు మేత. దారిలో నాకు భయం పుట్టించేది బ్యాటరీ కాదు. వెనకలైటు లేని గ్రానైటు లారీ, టమోటా క్రేట్లతో అడ్డం తిరిగే ట్రాక్టరు, రంగు వెలిసిన స్పీడు బ్రేకరు. నా కారుతో జనానికున్న అపాయం వేరే. దానికి చప్పుడు లేదు. వి.కోట మార్కెట్టు దగ్గర ఒక అవ్వ ఉలిక్కిపడి, ‘దయ్యం మాదిరి వస్తివే నాయనా, ఒక కేక అన్నా వేయకూడదా!’ అని తిట్టింది. న్యాయమైన తిట్టు. అప్పటినుంచి సందుల్లో హారన్ మీద చెయ్యి తీయను.

గుద్దుకుంటే ఏ కారు కాపాడుతుందంటారా? భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2024లో నెక్సాన్ ఈవీకి 5 నక్షత్రాలొచ్చినాయి. తర్వాత అదే నెక్సాన్ పెట్రోలు బండికీ 5 వచ్చినాయి. కాపాడేది ఒంటి గట్టిదనం, బెల్టు. తమరు బెల్టు పెట్టుకోగా నేనింతవరకు చూడలేదు.

మనవి ఇంతే. ఇంటి కనెక్షన్‌తోనే కారు ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్రం 2022లోనే చెప్పింది. ర్యాంపు మొదట్లో, గాలాడే చోట, ఫైరింజను పైపు అందేచోట నాకు జాగా ఇవ్వండి. నా మీటరు నుంచి వేరే లైను, సరైన ఎర్తింగు, ఎంసీబీ నా ఖర్చుతో పెట్టించుకుంటాను. ఆ పనికొచ్చే మేస్త్రీతోనే మెట్ల కింది ఎక్స్‌టెన్షన్ వైరు కూడా పీకించండి.

అంతదాకా కారు గేటు బయటే ఉంటుంది. ఒకవైపు ట్రాన్స్‌ఫార్మరు. ఇంకోవైపు, మబ్బులో చలికి తట్టుకోలేక మన వాచ్‌మన్ ఎండుటాకులు పోగేసి మంట వేసుకుంటున్నాడు.

ఇట్లు,
మూడో అంతస్తువాడు