ఏడున్నర పాయింట్ల కరువు

కాలేజీ లెక్చరరుకు ప్రమోషన్ రావాలంటే పాఠం చెబితే చాలదు, పేపరు చదవాలి. 2010లో యూజీసీ దీనికి రేట్లు కట్టింది. అంతర్జాతీయ సదస్సులో చదివితే 10 పాయింట్లు, జాతీయమైతే ఏడున్నర, రాష్ట్రస్థాయి అయితే 5. ఏడున్నర అంటే మనకు ఏలినాటి శని. యూజీసీలో జాతకాలు తెలిసినవాళ్లు ఎవరో ఉండే ఉంటారు. 2018లో ఈ రేట్లు కోసేశారు గానీ, సదస్సుల జోరు తగ్గలేదు.

మా సబ్జెక్టు అధ్యాపకుల సంఘం అనంతపురంలో పెట్టిన సదస్సుకు నేను తొలిసారి వెళ్లింది ఆ పాత రేట్ల కాలంలోనే. అంశం కరువు. ఈ జిల్లాలో వేరే అంశం పెడితే జనం అనుమానిస్తారు. అది 'జాతీయ' సదస్సు ఎలా అయిందంటే, బళ్లారి నుంచి ఒకాయన వచ్చారు. 1882 దాకా మనం బళ్లారి జిల్లాలోనే ఉన్నాం. 1953లో ఆ ఊరు మైసూరు రాష్ట్రానికి పోయింది కాబట్టి బతికిపోయాం, లేకుంటే తలా రెండున్నర పాయింట్లు నష్టం. రాష్ట్రాల విభజనకు ఇంత ప్రయోజనం ఉందని ఏ చరిత్ర పుస్తకమూ రాయలేదు.

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీల దగ్గర హాజరు నూటికి నూరు. హాల్లోకి వచ్చేసరికి సగం. జ్యోతి ప్రజ్వలనలో అతిథులు ఒక్కో వత్తి వెలిగించడం, పైన ఫ్యాను ఆర్పేయడం. ఫ్యాను ఆపుదామంటే స్విచ్చి ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఆ ఉక్కపోతలోనే వేదిక మీద అందరికీ శాలువాలు కప్పారు. సన్మానాలయ్యేసరికి పన్నెండున్నర. ఇక పేపర్లకు మనిషికి ఐదు నిమిషాలు.

మొదటాయన 'దేశంలో జైసల్మేర్ తర్వాత వాన తక్కువ పడేది మనకే' అని మొదలుపెట్టాడు. రెండో ఆయనా అంతే. నాలుగో ఆయన 'జైస...' అనగానే వెనక వరుసవాళ్లు మిగతాది అందుకున్నారు. చదివినవాళ్లు చదివినట్టే సర్టిఫికెట్టు సంచిలో పెట్టుకుని బస్టాండుకు వెళ్లిపోయారు. చివరి పేపరు విన్నది అధ్యక్షుడు, మైకు కుర్రాడు, నేను.

వినదగ్గది ఆ చివరి పేపరే. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు పోరుమామిళ్లలో చెరువు కట్టించి, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, తగలకూడని ఆరు దోషాలు శాసనంగా చెక్కించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాతిపనికి వంద బండ్లు, రెండేళ్ల పని. అదంతా అయ్యాకే ఆయన తన పేపరు సమర్పించాడు. మేము ఈ వరసను తిరగేశాం, చెరువు జోలికి ఇంకా పోలేదు.

సభల వల్ల ఏమీ ఒరగదని నేననను. ఈ ఊరి దత్తమండల కాలేజీలో పాఠాలు చెప్పిన చిలుకూరి నారాయణరావు 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అనే పేరు పెట్టారు. అలా పేరొచ్చింది. 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్లకు మొదటి హక్కు సీమదేనన్నారు. అలా కాగితమొచ్చింది. నీళ్లంటారా, హంద్రీ-నీవా మోటర్లు తిరిగినప్పుడు అవీ వస్తాయి.

వేదిక మీద ఫొటో కోసం ఒక శనక్కాయల రైతును కూడా కూర్చోబెట్టారు. ఆయనకు రెండు నిమిషాలిస్తే ఒకే మాట అడిగాడు: "మా ఊర్లో టెంకాయ చేతిలో పెట్టుకొని నీళ్లు సూసే ఆయప్ప ఇన్ని అడుగుల్లో పడతాయని సెప్తాడు. మీరు ఎన్నడుగులంటారు సార్?" సదస్సు పరిధిలోకి రాదన్నారు అధ్యక్షులవారు.

చివర్లో ఆయనకూ ఒక సర్టిఫికెట్టు ఇచ్చారు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బ్యాంకులో పెడితే ఏమన్నా ఇస్తారా సార్?" అన్నాడు.

కార్యదర్శి ముఖం వెలిగిపోయింది. "మంచి టాపిక్కప్పా! వచ్చే ఏడు గోవాలో పెడతాండాం. దీనికొక సెషన్ ఏస్తాం."