మా ఇంటి విశ్వాస వీరుడు

సికింద్రాబాద్‌లో ఏ చర్చికి వెళ్లినా ఇలాంటాయన ఒకరు తగులుతారు. సాక్ష్యం చెప్పమంటే మైకు వదలరు. గొలుసు, తాళం లేకుండా రైలెక్కరు. మాకు తగిలినాయన మా పెద్ద మామయ్య. రైల్ నిలయంలో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు.

ప్రార్థన కూడికల్లో ఆయనకు ఇష్టమైన అంశం ఒక్కటే: భయపడొద్దు. బైబిల్లో ఆ మాట 365 సార్లు ఉందని, రోజుకొకటి చొప్పున సరిపోతుందని మన బోధకులు కొందరు చెబుతుంటారు. ఎవరు లెక్కపెట్టారో మరి. మామయ్య మాత్రం నమ్మాడు. నమ్మి ఊరుకున్నాడా? లీపు సంవత్సరం రాగానే ఫిబ్రవరి 29 సంగతేమిటని అయ్యగారిని నిలదీశాడు.

ఆయన ఇల్లు కదలడం పెద్ద తంతు. ముందు మోకాళ్ల ప్రార్థన. ఇంటి చుట్టూ అగ్ని ప్రాకారం వేయమని ప్రభువును అడుగుతాడు. ఆమెన్ అనగానే తలుపుకు తాళం, గేటుకు తాళం, రెంటినీ వేలాడి మరీ లాగి చూడటం. ఆటో ఎక్కి వీధి మలుపు తిరిగేలోపు అత్తమ్మను దింపి వెనక్కి పంపడం, గ్యాస్ చూసి రమ్మని.

"అగ్ని ప్రాకారం ఉండగా ఇవన్నీ ఎందుకు మామయ్యా?" అన్నానొకసారి.

"ప్రాకారం దేవుడు చూస్కుంటడు. గ్యాస్ మీ అత్తమ్మ చూస్కోవాలె" అన్నాడు.

నౌకరీ అంతా రైల్వేలోనే చేసినా రైలు మీద ఆయనకు నమ్మకం కుదరలేదు. అదీగాక 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది. కొన్ని బండ్లు అటు మళ్లాయి. అప్పట్నుంచి మామయ్యకు కొత్త బెంగ. టికెట్ మీద స్టేషన్ పేరు స్పష్టంగా ఉన్నా 139కి ఫోన్ చేసి కనుక్కుంటాడు. కనుక్కుని, చెప్పినవాళ్ల గొంతు తడబడినట్టుందంటూ మళ్లీ చేస్తాడు. ఎక్కడికి వెళ్లాలో తెలియకుండానే అబ్రాహాము ఇల్లు విడిచి బయల్దేరాడని సండే స్కూల్లో పిల్లలకు చెప్పేది కూడా ఈయనే!

ఇక దోమలు. రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో చూసింది ఈ సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఊళ్లో చాలామందికి అది గర్వకారణం. మామయ్యకు అది హెచ్చరిక. "లోకానికంతా మలేరియా గుట్టు చెప్పింది మన ఊరి దోమనే" అంటూ సాయంత్రం అయిదింటికే కిటికీలు మూసేస్తాడు. కాయిల్ వెలిగించి, దోమతెర దించి, అంచులు పరుపు కిందికి తోసి, ఆ తెర లోపల కూర్చుని 91వ కీర్తన కంఠస్థం చెబుతాడు. గొంతు మాత్రం గంభీరంగా ఉంటుంది, ఒప్పుకోవాలి.

ఇవన్నీ భరించొచ్చు. నాకు మండేది వేరే సంగతి. నేను ఆరోగ్య బీమా చేయించానని తెలిసి, బంధువులందరి ముందు "అల్పవిశ్వాసివిరా నువ్వు" అన్నాడు. ఆపైన పోస్నెట్ దొర కథ అందుకున్నాడు. చార్లెస్ పోస్నెట్ తిరుమలగిరి కంటోన్మెంట్‌లో తెల్ల సిపాయిల మధ్య సేవ మొదలుపెట్టి మెదక్ వెళ్లాడు. కరువు రోజుల్లో పనిచేసినవాళ్లకు తిండిపెట్టి అక్కడ పెద్ద గుడి కట్టించాడు. 1924 క్రిస్మస్ రోజున దాని ప్రతిష్ఠ జరిగింది. "దొరకు బీమా ఉండెనా? విశ్వాసం ఉండె!" అని ముగించాడు మామయ్య. ఆ తర్వాత ఏదో కాగితం కోసం ఆయన బీరువా తెరిస్తే ఎల్ఐసీ పాలసీల కట్ట బయటపడింది, రబ్బరు బ్యాండ్ వేసి, తేదీల వరసలో. అడిగితే ఏమాత్రం తొట్రుపడలేదు. "యోసేపు ఏడేండ్లు ధాన్యం దాచలేదా?" అన్నాడు.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు తీస్తారు కదా. ఓ ఏడాది మామయ్యకు శ్రమల్లో ఓర్చుకోమనే వాక్యం వచ్చింది. దాన్ని పైకీ కిందికీ చూసి, "ఇది నాది కాదు బిడ్డా, పక్కాయనది" అని పళ్లెం పట్టుకున్న అమ్మాయికి చెప్పి ఇంకోటి తీసుకున్నాడు. ఆ పక్కాయన్ని నేనే. ఏడాదంతా ఓర్చుకున్నాను.

ఇలా ఎన్నయినా చెప్పి నవ్వించొచ్చు గానీ, ఆయన గుండె ఆపరేషన్ సంగతి కూడా చెప్పాలి. కాజీపేట ప్రయాణమంటే ముందు రాత్రి కన్ను మూయనివాడు బైపాస్ ముందు రాత్రి గుర్రుపెట్టి నిద్రపోయాడు. మేమే వరండాలో జాగారం చేశాం. పొద్దున పక్క మంచం మీదాయన భయపడుతుంటే చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాడు. మత్తు డాక్టర్ పేరు అడిగి ఆయన కోసమూ చేశాడు. ముఖంలో ఎక్కడా నటన లేదు. లెక్కల మనిషి కదా, ఏది ఎవరి పద్దో ఆయనకు ఎప్పుడో తేలిపోయిందని అప్పుడు అర్థమైంది. ప్రాణం దేవుడి పద్దు. దాన్ని ఒకసారి అక్కడ రాసేశాక మళ్లీ తిరగేసి చూడలేదు. చిల్లరంతా తన దగ్గరే పెట్టుకుని రోజూ లెక్కేసుకుంటాడు. మాలో చాలామందికి ఆ పెద్ద పద్దు దగ్గరే చెయ్యి వణుకుతుంది.

స్ట్రెచర్ ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గరికి వచ్చాక ఆపమన్నాడు. అత్తమ్మను దగ్గరికి పిలిచాడు. కడసారి మాటేమోనని మా అందరి గొంతులూ పూడుకుపోయాయి. ఆమె వంగి చెవి దగ్గర పెట్టింది.

"గ్యాస్ బంద్ చేసి వచ్చినవా?"

ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఉంటే ఒక్క మాట వినండి. రైలు ప్రయాణాలకు వెంట తీసుకెళ్లకండి. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే మాత్రం వదిలిపెట్టకండి.