సెంటు భూమి లేని శ్రీమంతుడు

అయ్యా, అరకు రిసార్టు యజమానిగారూ! యజమాని అన్నందుకు ముందే మన్నించండి. ఆ మాట మీకు గిట్టదని తెలుసు. కాగితాల మీద ఈ మన్యంలో మీకు సెంటు భూమి లేదు. స్థలం మీ డ్రైవరు పేరున ఉంది. కరెంటు మీటరు కాపలావాడి పేరున ఉంది. బోరు వంటమనిషి మేనమామ పేరున ఉంది. కాటేజీలు, ఈతకొలను, గాజు గోడల డైనింగ్ హాలు, ఇన్నిటి మధ్య నిలబడి "ఇందులో ఏదీ నాది కాదు" అని ఏ అధికారి ముందైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరు. హిమాలయాల్లో గడ్డాలు పెంచినవాళ్లకైనా ఇంత వైరాగ్యం అబ్బిందా? వాళ్లకు కమండలం మీద మమకారం మిగులుతుంది. మీరు వచ్చే ఆదాయం తప్ప ఇంకేదీ ముట్టరు.

ఇక చట్టం మీద మీకున్న భక్తి చెప్పనలవి కాదు. కొండవాళ్ల భూములు మైదానం షావుకార్ల చేతికి పోతున్నాయని తెల్లదొరలు 1917లోనే ఓ చట్టం చేశారు. 1959లో ఇంకొకటి వచ్చింది. దాన్ని 1970లో బిగించారు. ఊళ్లో అందరూ 'వన్ సెవెంటీ' అనేది దాన్నే. ఏజెన్సీలో భూమి చేతులు మారితే గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో మాత్రమే మారాలి. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, ఇదే లెక్క. గిరిజనేతరుడి స్వాధీనంలో భూమి కనిపిస్తే అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది; కాదని రుజువు చేసుకునే పూచీ అతనిదే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టెక్కి, షెడ్యూల్డ్ ప్రాంతంలో తన భూమినైనా సరే ప్రభుత్వం గిరిజనేతరులకు లీజుకివ్వకూడదంది. ఆ కేసు పుట్టిందీ ఎక్కడో కాదు, మీ రిసార్టుకు వచ్చే దారిలోనే, అనంతగిరి మండలంలో.

ఇదంతా చదివి మామూలు వ్యాపారి అయితే మైదానానికి దిగి భోగాపురం వైపు వెళ్లి గజాల్లో స్థలాలు అమ్ముకుంటాడు. మీరు మామూలువారా? అందరికీ గోడ కనిపించిన చోట మీకు చవక బేరం కనిపించింది. గిరిజనుడు గిరిజనుడికే అమ్మాలంటే కొనేవాళ్లెందరు? వాళ్ల చేతిలో ఆడే డబ్బెంత? అందుకే అక్కడ భూమికి మైదానం ధర రాదు. రాని ధరకు మీరు తీసుకుంటారు, వచ్చే ధరకు గది అద్దెకిస్తారు. చట్టం ఉండబట్టే కొనుగోలు చౌక, అది మీకు పట్టకపోబట్టే లాభం. ఒకే చట్టాన్ని పాటింపజేసీ అతిక్రమించీ రెండు చేతులా సంపాదించే విద్య ఏ ఎంబీఏ కాలేజీలో నేర్పుతారో చెబితే మా అబ్బాయిని చేర్పిస్తాను.

శిక్ష లేదని కూడా అనలేం. 1978లో ఆ చట్టంలోనే చేర్చారు: ఏడాది దాకా కఠిన కారాగారం, లేదంటే రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. ఆ రెండు వేలు పెడితే డిసెంబరు శనివారం రాత్రి మీ కాటేజీలో పడక దొరకదు. కేసులూ ఉన్నాయి, నడుస్తుంటాయి. కేసు నడిచినన్నాళ్లూ రిసార్టు నడుస్తుంది. పాపం, రెండూ అన్నదమ్ముల్లా కలిసి నడవడం చూస్తే ముచ్చటేస్తుంది.

మీ పుణ్యాన ఓ గిరిజనుడు కోటీశ్వరుడయ్యాడన్న సంగతి ఎవరూ చెప్పుకోరు. నేను చెబుతాను. తెల్లవారుజామున అయిదింటికి, మంచు ఇంకా కాఫీ తోటలో నీడ చెట్ల మీది మిరియాల తీగలకు వేలాడుతుండగా, మంకీ క్యాప్ పెట్టుకున్న మీ డ్రైవరు కట్టెల పొయ్యి మీది డేగిసాలోంచి వేణ్నీళ్లు ముంచి, రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని మెట్లెక్కుతుంటాడు. నీళ్లు తొణికి ప్యాంటు మీద పడితే ఒక్క క్షణం ఆగి, ఆ వెచ్చదనం ఆరేలోపు మళ్లీ నడుస్తాడు. తలుపు కొడితే లోపలి నుంచి "ఇంత లేటా?" అని కసురు. కాగితాల మీద ఉన్న పేరును బట్టి ఆ తలుపు, ఆ మెట్లు, ఆ కొండవాలు అతనివే. తన సొంత రిసార్టులో నెల జీతానికి బకెట్లు మోసే ఇంత నిగర్వి అయిన ఆసామిని ప్రపంచంలో ఇంకెక్కడ చూస్తాం? అంతటి వినయం అతనికి నేర్పింది మీరే. స్థలం పేరున రాసినరోజే ఖాళీ స్టాంపు కాగితాల మీద సంతకాలూ, తీసుకోని అప్పుకు ప్రోనోటూ పెట్టించుకున్నారు కదా. ఎంత ఉన్నా మనిషి ఒదిగి ఉండాలని మీ ఉద్దేశం.

సంస్కృతి అంటారా? గదబల ఇళ్లకు పట్టాలు ఇంకా రాలేదు గానీ మీ కాటేజీకి 'గదబ సూట్' అని పేరొచ్చింది. చీకటి పడేదాకా కాఫీ తోటలో పళ్లు కోసిన ఆడవాళ్లు రాత్రి ఎనిమిదింటికి మీ క్యాంప్‌ఫైర్ దగ్గర నడుములు పట్టుకుని థింసా ఆడతారు. మధ్యలో డీజే వాడు తన పాట పెడితే పక్కకు జరిగి నిలబడతారు. ఇంతలో బొంగులో చికెన్ వస్తుంది. ఆ బొంగు నరికిన కుర్రాడు ఆ రుచి గురించి అడిగితే నవ్వేసి ఊరుకుంటాడు.

అన్యాయాన్ని సహించని గుణం మీ అతిథుల్లోనూ ఉంది. శీతాకాలంలో కొండవాలంతా వలిసె పూలు పసుపు పరిచినట్టు పూస్తాయి. వాటి మధ్య దిగి ఫొటోలు తీసుకుంటుంటే చేను తొక్కేస్తున్నారని రైతు పదో ఇరవయ్యో అడుగుతాడు. "ఇక్కడంతా దోపిడీ" అని అక్కడికక్కడే వీడియో పెట్టేస్తారు. అదే చేను కిటికీలోంచి కనిపిస్తుందని మీరు 'వ్యాలీ వ్యూ' గదికి వేలు వేసినప్పుడు కిక్కురుమనరు. చేను పండించినవాడికి పది రూపాయలు దోపిడీ. చూపించినవాడికి వేలు సేవ.

నీళ్ల విషయంలోనూ మీ దూరదృష్టికి జోహార్లు. ఊరివాళ్లు తరతరాలుగా కొండ ఊట మీద ఆధారపడి బతుకుతున్నారు, ఎండాకాలం అది సన్నబడితే బిందెలు పట్టుకుని కూర్చుంటారు. ఆ బాధ పోగొట్టడానికే మీరు బోరు వేశారు. బాధంతా పోయింది, ఊటతో సహా. ఈతకొలను మాత్రం ఏప్రిల్లో కూడా నీలంగా ఉంటుంది.

మీ గేటు దాకా సిమెంటు రోడ్డు వచ్చింది, సంతోషం. గేటు దాటాక పై ఊళ్లకు అదే పాత కాలిబాట, నొప్పులు పడుతున్న ఆడమనిషిని కర్రకు కట్టిన డోలీలో దించుకొస్తారు. మీ అతిథులు బాల్కనీలోంచి "ట్రైబల్ లైఫ్ ఎంత అందంగా ఉందో" అంటుంటే, ఆ డోలీ మోసేవాళ్లు తలెత్తి చూడలేదని మీరు నొచ్చుకోకండి. భుజం మీద బరువుంది.

2025 జనవరిలో పర్యాటకం కోసం వన్ సెవెంటీ చట్టాన్ని సడలించాలన్న మాట ఓ సదస్సులో వినబడింది. ఫిబ్రవరిలో మన్యమంతా రెండ్రోజులు బంద్ పాటించింది. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. ఆ రెండ్రోజులూ మీరూ గేటు మూసి సంఘీభావం చూపారు. కొందరు అది భయమన్నారు. నేను నమ్మను. చట్టం పోతే పెద్ద పెద్ద హోటల్ కంపెనీలు కొండెక్కుతాయి, భూమి ధర ఆకాశానికంటుతుంది, మీ డ్రైవరుకు మీకంటే మంచి బేరం తగులుతుంది. కాబట్టి వన్ సెవెంటీ కలకాలం వర్ధిల్లాలని మనస్ఫూర్తిగా కోరుకునే గిరిజనేతరుడు ఈ జిల్లాలో మీరొక్కరే. మీకు ఉద్యమకారుల మధ్య ఓ కుర్చీ వేయకపోవడం కృతఘ్నత.

అన్నట్టు, మీ డ్రైవరు కూతురికి విశాఖలో లా సీటు వచ్చిందట. మొన్న సెలవులకు వచ్చి, బినామీ పేరున ఉన్న ఆస్తి నాదని అసలువాడు దావా వేయడానికి వీల్లేదని 1988 చట్టంలో నాలుగో సెక్షను ఉందని వాళ్ల నాన్నకు చదివి వినిపించిందట. అతను పొయ్యిలో కట్టె ఎగదోస్తూ రెండోసారి చదవమన్నాడట. చదివిన పిల్ల మనవాళ్ల పిల్లే కదా, ఫీజు మీరే కట్టండి.