కోడి తల, తలో నీతి

సినిమా చూశాక "ఇంతకీ ఏం చెప్పినట్టు?" అని అడగడం మనవాళ్ళకి అలవాటు. పౌరాణికం చూసినా అడుగుతారు, దెయ్యం సినిమా చూసినా అడుగుతారు. ఈ ప్రశ్నకి నీళ్ళు నమలకుండా జవాబు చెప్పే సినిమా ఒకటుంది. 1972లో అమెరికాలోని ఫ్లోరిడాలో తీసిన 'బ్లడ్ ఫ్రీక్'. గంజాయి తాగకు, మందులెక్కించిన కోడి తినకు, దేవుణ్ణి నమ్ముకో. అంతే. మధ్యలో హీరోకి టర్కీ కోడి తలకాయ మొలుస్తుంది. అదొక్కటే కొత్త.

కథ చెప్పకపోతే నమ్మరు. హెర్షెల్ అనే కండల వీరుడు వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి మోటారు సైకిలు మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. దారిలో కారు ఆగిపోయిన ఏంజెల్ అనే అమ్మాయికి సాయం చేస్తాడు. ఆవిడ ఇంటికి పిలుస్తుంది. ఆవిడ నోటినిండా బైబిలు, ఆవిడ తోడబుట్టిన ఆన్ చేతినిండా గంజాయి. మనవాడు మొదట వద్దంటాడు. "పిరికివాడివా?" అనేసరికి పౌరుషం వచ్చి దమ్ము లాగేస్తాడు. తర్వాత టర్కీ కోళ్ళ ఫారంలో పని దొరుకుతుంది. అక్కడ ఇద్దరు సైంటిస్టులు మందులెక్కించిన మాంసం తిని చూడమంటారు. కూలి కింద మత్తుమందు ఇస్తామంటారు. వీడు కోడిని మొత్తం ఒక్కడే లాగించి, ఫిట్స్ వచ్చి పడిపోతాడు. చచ్చాడనుకుని వాళ్ళు తీసుకెళ్ళి పారేస్తారు. లేచేసరికి భుజాల మీద టర్కీ తల. అక్కణ్ణించి మత్తుకి మరిగినవాళ్ళ రక్తం తాగితే గాని వాడికి పూట గడవదు.

దీన్ని తీసినవాళ్ళు ఇద్దరు, బ్రాడ్ గ్రింటర్, స్టీవ్ హాక్స్. హాక్సే హీరో కూడా. యుగోస్లావియాలో పుట్టి, స్పెయిన్ వాళ్ళ సినిమాల్లో టార్జాన్ వేషం కట్టి, ఆ షూటింగులో మంటలంటుకుని ఒళ్ళు కాల్చుకున్న మనిషి. తర్వాతి రోజుల్లో ఫ్లోరిడాలోనే పులుల్నీ సింహాల్నీ సాకుతూ బతికాడు. ఇలాంటి సినిమాలకి ఫ్లోరిడాలో అప్పటికే బాట పడింది. 1963లో హెర్షెల్ గోర్డన్ లూయిస్ మయామీలో 'బ్లడ్ ఫీస్ట్' తీసి, నటన లేకపోయినా నెత్తురుంటే డ్రైవ్-ఇన్ థియేటర్లలో కార్లు నిండుతాయని నిరూపించాడు. ఆ తర్వాత కెమెరా ఉన్నవాడల్లా ఎర్రరంగు డబ్బా కొన్నాడు. గ్రింటర్, హాక్స్ ఆ రంగులో కాస్త తీర్థం కూడా కలిపారు.

ఈ సినిమాని మా అక్క కొడుకు పండక్కి అందరూ చేరినప్పుడు టీవీలో పెట్టాడు. పెట్టి, వాడే పక్కన కూర్చుని ఇంగ్లీషు మాటలకి తెలుగులో అర్థం చెప్పాడు. ఇక అభిప్రాయాలకి కరువా?

మొదటి తీర్పు మా నానమ్మది. "ఎవరు ఏం పెడితే అది తింటే ఇంతే! నాటుకోడి తిన్నవాళ్ళెవరికైనా తల మారిందా?" అంది, మా బావ వైపు చూస్తూ. బావకి తణుకు దగ్గర కోళ్ళ ఫారం ఉంది.

ఆయన ఊరుకుంటాడా? "అమ్మమ్మగారూ, తప్పు కోడిది కాదండీ. మందు వేశాక దాన్ని కొయ్యడానికి ఇన్ని రోజులు ఆగాలని లెక్క ఉంటుంది. విత్‌డ్రాయల్ పీరియడ్ అంటారు. వీళ్ళు అది చూసుకోలేదు. ఫారం పేరు చెడగొట్టడానికి తీసినట్టుంది ఈ సినిమా" అని రుసరుసలాడాడు. ఆయన దృష్టిలో 'బ్లడ్ ఫ్రీక్' భయానక చిత్రం కాదు, పౌల్ట్రీ రైతు మీద జరిగిన కుట్ర.

మా అక్క ఇంకోచోట పట్టుకుంది. ప్రియుడి భుజాల మీద టర్కీ తల చూసిన ఆన్ కాసేపు ఏడుస్తుంది. ఏడ్చి, రేపు పెళ్ళయితే మన పిల్లలు ఎలా ఉంటారో అని బెంగపెట్టుకుంటుంది. భయపెట్టే సన్నివేశంలో పెళ్ళిమాటలేంటని మేమంతా పడీపడీ నవ్వుతుంటే అక్క మాత్రం గంభీరంగా, "నవ్వుతారేంటి? తల పోయినా ఆ పిల్ల సంబంధం వదులుకోలేదు. మనవాళ్ళు అబ్బాయి జుట్టు పల్చబడిందని వెనక్కి పోతారు" అంది. గదిలో జుట్టు పల్చబడ్డ ఇద్దరు ముగ్గురు ఆ మాటకి మనస్ఫూర్తిగా తలలూపారు.

మా మామయ్య దర్శకుడు విఠలాచార్యకి భక్తుడు. హీరో డేట్లకి పేచీ పెడితే ఆ పాత్రని కోతినో చిలకనో చేసి షూటింగు కానిచ్చేవారని విఠలాచార్య గురించి పరిశ్రమలో ఓ కథ చెప్పుకుంటారు. మామయ్య అడిగిన ప్రశ్న దానిమీదే. "ఇక్కడ హీరోయే డైరెక్టరు కదరా! డేట్ల గొడవే లేదు. మరి తల ఎందుకు మార్చినట్టు?" నాకు తెలిసి ఈ సినిమా మీద ఇంత లోతైన ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. తక్కువ డబ్బుతో జనాన్ని ఎలా భయపెట్టాలో 1978లో విఠలాచార్య తీసిన 'జగన్మోహిని' చూసి నేర్చుకోవాల్సిందని కూడా తేల్చేశాడు. ఆరేళ్ళ ముందు తీసినవాళ్ళు దాన్ని ఎలా చూస్తారని ఆయన్ని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

ఇక సినిమాకి ప్రాణం లాంటి ఘట్టం దగ్గు. గ్రింటర్ అప్పుడప్పుడూ తెరమీదికొచ్చి బల్లముందు కూర్చుని, వేళ్ళమధ్య సిగరెట్టు పెట్టుకుని, మనకి హితబోధ చేస్తుంటాడు. మధ్యమధ్య చూపు కిందికి వాలుతుంది. ముందున్న కాగితం చదువుతున్నాడని పసిపిల్లాడికైనా తెలుస్తుంది. చివరికొచ్చేసరికి, మనిషి ఒంట్లోకి ఎక్కిస్తున్న రసాయనాల గురించి హెచ్చరిస్తూ హెచ్చరిస్తూ ఉండగా దగ్గు అందుకుంటుంది. మామూలు దగ్గు కాదు, మొహం ఎర్రబడి పేగులు పైకొచ్చే దగ్గు. ఎవరైనా "కట్" అంటారు. వీళ్ళు అనలేదు. ఆయన దగ్గి, తేరుకుని, ఉపన్యాసం పూర్తిచేశాడు. "ఎవరైనా ఆయనకి కాసిని మంచినీళ్ళివ్వండర్రా" అని నానమ్మ గాభరాపడింది. సినిమా మొత్తంలో మా ఇంట్లో ఒక మనిషి నిజంగా కంగారుపడ్డ చోటు అదొక్కటే.

మా బాబాయి రోజుకి పెట్టె సిగరెట్లు కాలుస్తాడు. ఆ దగ్గు చూసి మారతాడని పిన్ని ఆశగా చూసింది. "ఆ బ్రాండు మంచిది కాదు" అంటూ ఆయన అగ్గిపెట్టె తీసుకుని పెరట్లోకి నడిచాడు.

టర్కీ తల గొడవంతా మత్తులో వచ్చిన భ్రమ అని చివర్లో తేలుతుంది. హీరో ప్రార్థన చేసుకుని బాగుపడతాడు. అయితే అంతకుముందు ఆ రాక్షసుణ్ణి చంపే సందర్భంలో కెమెరా ముందు నిజం టర్కీ తల నరికి చూపిస్తారు. అక్కడ నవ్వులు ఆగిపోయాయి. నానమ్మ మాత్రం ఊరుకోలేదు. "కూరకి కోస్తే కూరకి కోశామంటాం. వాడి కలకి కోడిని కొయ్యడమేంటి? కల వాడిది, ప్రాణం కోడిదీనా?" అంది. బావకీ నానమ్మకీ ఆ రోజంతటికీ ఏకాభిప్రాయం కుదిరింది అక్కడే.

ఇలాంటి సినిమాలు చూసేవాళ్ళు అమెరికాలోనూ రెండు జట్లు. ఇంతకన్నా అధ్వానమైనది పుట్టలేదని ఒకరు, ఇంత నిజాయితీగా అధ్వానమైనది పుట్టలేదని ఇంకొకరు. నా ఓటు రెండో జట్టుకే. ఇప్పుడు చెత్తగా ఉంటే నవ్వుతారు కదా అని కావాలనే చెత్తగా తీస్తున్నారు, అందులో పస ఉండదు. గ్రింటర్, హాక్స్ మాత్రం టర్కీ తల తగిలిస్తే గంజాయి మానేస్తారని మనసారా నమ్మారు. కాకపోతే ఆ నీతి మా ఇంట్లో ఎవరికీ అంటలేదు. నాటుకోడి, విత్‌డ్రాయల్ పీరియడ్, పెళ్ళి సంబంధాలు, విఠలాచార్య, ఇలా ఎవరి నీతి వాళ్ళు ఇంటినుంచే తెచ్చుకున్నారు.

నిడివి గంటన్నర లోపే. నటనకి సున్నా, దగ్గుకి పూర్తి మార్కులు, నిజం కోడిని నరికినందుకు ఉన్న మార్కుల్లో కోత. చూడాలనుకుంటే ఒంటరిగా మాత్రం చూడకండి. భయమేసి కాదు, పక్కన వ్యాఖ్యానం చెప్పేవాళ్ళు లేకపోతే ఆ గంటన్నర గడవదు. ఆ రోజు కోడికూర వండాలా వద్దా అన్నది మీ ఇష్టం. మేం వండుకున్నాం, నాటుకోడే.